నీళ్ళ పద్దు

ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక బాబాయిగారుంటారు. అరవై దాటుంటాయి, సర్వీసంతా ఏదో ఒక ఆఫీసు అకౌంట్స్ సెక్షన్లో గడిచుంటుంది, రిటైరైన ఏడాది తిరక్కుండానే షుగరు పలకరించుంటుంది. విశాఖపట్నమైతే ఆయన్ని తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద పోల్చుకోవడం తేలిక. మెరిసే కొత్త బూట్లు, తెల్ల సాక్సులు, మోకాళ్ళదాకా నిక్కరు, ముంజేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ. నిక్కరుతో వీధిలోకి రావడం ఎనిమిదో తరగతి తరవాత ఇదే కనక, మొదటివారం లిఫ్టు మానేసి, ఎవరి కంటా పడకుండా మెట్లు దిగుతారు. రెండోవారానికి ఆ సిగ్గు పోతుంది. మూడోవారంలో ఆ నిక్కరుతోనే ఎదురింటి సత్యనారాయణ వ్రతానికొచ్చి ప్రసాదం పుచ్చుకుంటారు, రెండుసార్లు.

డాక్టరుగారు చెప్పినవి రెండే ముక్కలు: రోజూ ముప్పావుగంట నడవండి, తిండి తగ్గించండి. మొదటిది బాబాయిగారికి స్పష్టంగా వినబడింది. రెండోది చెప్పేటప్పుడు బయట ఏదో లారీ హారన్ కొట్టిందట.

ఇక వాచీ. అది రోజుకి 10,000 అడుగులు వెయ్యమంటుంది. ఆ అంకెని ఏ వైద్యుడూ పరీక్షలు చేసి తేల్చలేదు. 1965లో జపానువాళ్ళు అడుగులు లెక్కించే పరికరం ఒకటి అమ్మకానికి పెడుతూ, పలకడానికి బాగుంటుందని దాని పేరులో ఆ అంకె ఇరికించారు. గుండ్రటి అంకె కనబడితే చాలు, ఇదేదో దొంగలెక్కని సర్వీసంతా ఫైళ్ళు వెనక్కి పంపిన బాబాయిగారు, దీన్నొక్కదాన్ని వేదంలా నమ్మారు. చెయ్యి ఊగినా వాచీ అడుగుకింద జమకడుతుందని తెలిసిన నాటినుంచి, హారతివేళ గంట కొట్టే పని పిన్నిగారి చేతిలోంచి ఆయన చేతికి మారింది. వాళ్ళింట్లో హారతి ఇప్పుడు ఓ పట్టాన పూర్తవదు.

నడక కాళీమాత గుడి దగ్గర మొదలవుతుంది. కురుసుర జలాంతర్గామి దగ్గర కాసేపాగుతుంది. నౌకాదళంలో ముప్పై ఒక్క ఏళ్ళు సర్వీసు చేసి, 2002లో ఒడ్డున మ్యూజియమై కూర్చున్నది కదాని బాబాయిగారికి దానిమీద సాటి పెన్షనర్ల అభిమానం. అక్కణ్ణించి ఇంకొంత దూరం పోయి, వెనక్కి తిరిగి, అసలు కార్యక్రమంలోకి దిగుతారు.

అసలు కార్యక్రమమంటే రాగిజావ. ఆపైన బీట్‌రూట్ రసం. దొన్నెలో మొలకలు. ఇవన్నీ మందులు, మందుకి లెక్కేమిటి? తరవాత మిత్రబృందంతో టిఫిను. ఇడ్లీ ఆవిరిమీద ఉడికింది కనక లెక్కలోకి రాదు. దానిమీది కారప్పొడికి నెయ్యి తప్పనిసరి, లేకపోతే కడుపులో మంట. వడ పక్కాయన ప్లేటులోది, ఆ పద్దు ఆయన ఖాతాలోకే పోవాలి. ఎనభై కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే అయ్యే ఖర్చు సుమారు 300 కేలరీలు. పెద్ద చెంచాడు నెయ్యి ఒక్కటే 120. బాబాయిగారికి కూడికలు రాక కాదు. నడకని పైసలతో సహా జమ రాసుకుంటారు, తిండిని నోటిలెక్కగా వదిలేస్తారు, అంతే. మధ్యాహ్నం పిన్నిగారు మారు వడ్డించబోతే వద్దనరు. “పొద్దున్న అంత నడిచాను కదే,” అంటారు.

పదిహేనో రోజున బరువు తూచే మిషనెక్కారు. ఎక్కేముందు వాచీ తీశారు, కళ్ళజోడు తీశారు, ఉంగరం సబ్బు రాసి లాగారు. కళ్ళజోడు లేక అంకె కనబడకపోతే పిన్నిగారు చదివి పెట్టారు. మొదలుపెట్టిన్నాడు 81.5. ఇప్పుడు 83.

ఆడిట్ మొదలైంది. నిందితుల్లో తొలిపేరు మిషనుది. గచ్చు ఎగుడుదిగుడేమోనని దాన్ని హాల్లోంచి వంటింట్లోకి, అక్కణ్ణించి బాల్కనీలోకి మార్చారు. చివరికి గ్యాసు సిలిండరొచ్చిన రోజున అచ్చమైన ఆధారం దొరికింది. ఖాళీ సిలిండరు బరువు దాని మెడదగ్గర రాసే ఉంటుంది, లోపలి గ్యాసు 14.2 కిలోలు. రెండూ కూడితే 29.8. నిండు సిలిండరుని మిషనెక్కించారు. అంకెలు దాని చాటున పడితే, డెలివరీ కుర్రాడు నేలమీద బోర్లా పడుకుని చదివాడు. 29.8.

“మిసను బాగానే ఉంది బాబూ,” అన్నాడు లేచి దులుపుకుంటూ. “మీరే కూసింత ఎక్కువున్నారు.”

ఆ రాత్రి డల్లాస్‌లో ఉన్న కొడుక్కి ఫోను. “నాన్నా, కంగారుపడకు. అది కొవ్వు కాదు, నీళ్ళు,” అన్నాడు కొడుకు.

కొడుకు చెప్పింది నిజమే. అలవాటులేని కండరాలకి ఒక్కసారిగా పనిచెబితే పోగులు అక్కడక్కడ సన్నగా చిట్లుతాయి, వాటిని బాగుచేసుకోవడానికి ఒళ్ళు అక్కడికి నీరు చేరుస్తుంది. తొడలు పట్టేసి, కుర్చీలోంచి లేవబోతే ‘అమ్మా’ అనిపించే ఆ రెండుమూడు రోజులూ లోపల జరిగేది అదే. రేపు కూడా ఈ మనిషి ఊరుకోడని గ్రహించిన కండరాలు గ్లైకోజెన్ రూపంలో చక్కెరని మునుపటికంటే ఎక్కువ దాచుకోవడం మొదలెడతాయి. ఒక్కో గ్రాము వెంబడి దాదాపు మూడు గ్రాముల నీళ్ళు నిలవుంటాయి. దానికి ఆవకాయలోని ఉప్పు తోడైతే సరేసరి. అలా కిలో, కిలోన్నర పెరిగినట్టు కనబడి, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కొడుకు ఈ ఆఖరిమాట కూడా చెప్పాడు. డల్లాస్‌లో కూడా లారీలుంటాయి కాబోలు.

నీళ్ళు! బాబాయిగారి మొహం వెలిగిపోయింది. ఎటు పోవాలో తేలని పద్దుల్ని తాత్కాలికంగా పడెయ్యడానికి అకౌంట్సులో సస్పెన్స్ ఖాతా అనొకటుంటుంది. తెలిసినవాళ్ళు దాన్ని నెలాఖరుకల్లా ఖాళీ చేస్తారు. బాబాయిగారికి ఇన్నాళ్ళకి సొంతానికి ఒకటి దొరికింది. జనవరిలో పెరిగిన కిలోన్నర నీళ్ళు. ఉగాదికి మరో కిలో పెరిగితే అదీ నీళ్ళే, ఎండలు ముదిరాయి కదా, దాహంకొద్దీ తాగినవి. బంగినపల్లి మామిడిపళ్ళ రోజుల్లో వచ్చినవి పండులోని నీళ్ళు. మధ్యలో ఎవరో జిమ్ముకుర్రాడు “కండ కూడా బరువే కదండీ” అంటే ఓ వారం కండ అన్నారు గానీ, నడకతో కండ కిలోల లెక్కన రాదని అదే కుర్రాడు చెప్పేసరికి మళ్ళీ నీళ్ళలోకే దిగారు.

ఇంతకీ నడక తన పని తాను చేసుకుపోయింది. మూడునెలల షుగరు సగటు చూపించే పరీక్షలో అంకె దిగింది, బీపీ కూడా కాస్త దిగింది, లిఫ్టు పాడైన రోజున నాలుగో అంతస్తుకి మధ్యలో ఆగకుండా ఎక్కారు. బరువు కదలకపోయినా వ్యాయామం ఇలాంటి మేళ్ళు చేస్తుంది. బాబాయిగారు ఆ రిపోర్టుని మడిచి ఎల్లైసీ కాగితాల మధ్య పెట్టేశారు. నాకు ఆయన మీద కోపమొచ్చేది ఇక్కడే. చూపించుకోదగ్గ కాగితం బీరువాలో పెట్టి, దాచలేని పొట్టకి వకాల్తా పుచ్చుకుని తిరుగుతారు.

వర్షాలు మొదలయ్యేనాటికి ఆయన మా పేట వాకర్స్ క్లబ్బుకి కార్యదర్శి అయ్యారు. నడకలో ముందున్నారని కాదు, లెక్కలు బాగా చూస్తారని. ప్రమాణస్వీకారం కళ్యాణమండపంలో జరిగింది. బొబ్బట్లు, పులిహోర, గారెలు, పెరుగావడలు. శాలువా కప్పించుకుని బాబాయిగారు “నడకతో నాజూకు” అనే విషయం మీద అరగంట మాట్లాడారు. ఆ మధ్యాహ్నం 85 చూపించిన మిషను ఇంట్లో మంచంకింద ఉంది.

ప్రసంగమయ్యాక ఎవరో కొత్తసభ్యుడు పాపం అమాయకంగా లేచి, “తమరెంత తగ్గారండీ?” అని అడిగాడు. మొదటి వరసలో పిన్నిగారు తలొంచుకుని చేతిసంచీలో ఏదో వెతుక్కోవడం మొదలెట్టారు.

బాబాయిగారు మైకుని దగ్గరికి లాక్కున్నారు. “నీళ్ళు తీసేసి చూస్తే,” అన్నారు గంభీరంగా, “నాలుగు కిలోలు.”

చప్పట్లు మోగాయి. వెనకవరసలో ఇద్దరు చీటీల మీద రాసుకున్నారు కూడా.