'సే', 'టెల్': వినకూడని అయిదు సలహాలు

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా వేలూరు, గుడియాత్తం, చిత్తూరు అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. అందుకే వేలూరు, గుడియాత్తం వైపు చాలా ఇళ్ళలో నేటికీ తెలుగే. పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఆ మూడోదాన్లో 'సే', 'టెల్' దగ్గర వాళ్ళు తడబడతారు. వాళ్ళకు దొరికే సలహాలు ఆ తడబాటును ఇంకా పెంచుతున్నాయి.

1. "రెండూ ఒకటే, ఏదైనా వాడు."
ఒకటి కాదు. 'టెల్' అంటే మామూలుగా వినే మనిషి వెంటనే రావాలి. 'హీ టోల్డ్ దట్' తప్పు. 'హీ టోల్డ్ మీ దట్' అనండి, లేదా 'హీ సెడ్ దట్' అనండి. వేలూరు సీఎంసీ ఆసుపత్రికి నాన్నను తీసుకొచ్చిన అబ్బాయి 'డాక్టర్ టోల్డ్ టు కమ్ ఆన్ మండే' అంటే, రమ్మన్నది రోగినా, తోడొచ్చినవాళ్ళనా? 'ద డాక్టర్ టోల్డ్ మై ఫాదర్ టు కమ్ ఆన్ మండే' అంటే ఆ అనుమానమే ఉండదు.

2. "తెలుగులో 'కు' ఉంటే ఇంగ్లీషులో 'టు' పెట్టు."
'నాకు చెప్పాడు' అన్నది 'టోల్డ్ టు మీ' అయ్యేది ఈ సలహావల్లే. 'టోల్డ్ మీ' చాలు. 'టు' కావలసింది 'సెడ్ టు మీ'లో. చెప్పిన సంగతి ముందుకొస్తే మాత్రం 'టెల్'కూ 'టు' వస్తుంది: 'షీ టోల్డ్ ద స్టోరీ టు ద చిల్డ్రన్'.

3. "మనిషి లేకుండా 'టెల్' వాడకూడదు."
'టెల్ ద ట్రూత్', 'టెల్ ఎ లై', 'టెల్ ద టైమ్': వీటిలో మనిషి లేడు, అయినా తప్పు లేదు. వీటిని ఉన్నవున్నట్టు నేర్చుకోవాలి.

4. "పరోక్ష కథనంలో 'సెడ్ టు'ను 'టోల్డ్' చెయ్యి, వెనక క్రియను భూతకాలంలోకి మార్చు."
వాక్యం ప్రశ్న అయితే 'టోల్డ్' పనికిరాదు, 'ఆస్క్డ్' రావాలి. ఇప్పటికీ నిజమైన సంగతికి కాలం మార్చి తీరాలనీ లేదు. 'హీ సెడ్ గుడియాత్తం ఈజ్ ఇన్ వేలూరు డిస్ట్రిక్ట్' నిక్షేపమైన వాక్యం.

5. "తెలుగులో ఆలోచించకు."
అన్నిటికంటే చెడ్డ సలహా ఇదే. 'నాతో అన్నాడు', 'నాకు చెప్పాడు' అనడంలో మన నాలుక ఎప్పుడూ తడబడదు. మొదటిది 'సెడ్ టు మీ'కి, రెండోది 'టోల్డ్ మీ'కి చాలావరకు సరిపోతుంది. ఇంత తేడా పుట్టుకతో తెలిసిన పిల్లల్ని ఆ తెలివి వదిలేసి రమ్మనడం అన్యాయం. తెలుగింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ వేలూరులోనే వూరీస్ కాలేజీలో చదివి, 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరయ్యారు. ఇంటి భాష ఆయన ఇంగ్లీషుకు అడ్డు రాలేదు.

పిల్లలచేత సూత్రాలు వల్లె వేయించకండి. వాక్యం మొదలెట్టే ముందు 'ఎవరికి చెప్పారు?' అని తెలుగులోనే అడగండి. జవాబుగా ఒక మనిషి కనబడితే 'టెల్', అన్న మాట ఒక్కటే ముఖ్యమైతే 'సే'. బడిలోనూ ఆసుపత్రిలోనూ వాళ్ళకు అక్కరకొచ్చేది ఈ ప్రశ్నే.