గుడ్డకు అంటిన నీలం

దసరాకు వాహనపూజ చేసి కట్టిన బంతిపూల దండను మర్నాడు విప్పితే, మా ముదురు నీలం కారు బానెట్ మీద సన్నటి గీతలు కనబడ్డాయి. దండ కట్టిన ఇనుపతీగ కొస దారి పొడవునా ఊగుతూ గీసినవి. గోటితో అడ్డంగా లాగి చూస్తే ఎక్కడా తగల్లేదు. ఎండ ఏటవాలుగా పడితే తప్ప కంటికి ఆనేవి కూడా కావు. వాటిని అలాగే వదిలేసి ఉంటే కారుకు ఏ నష్టమూ జరిగేది కాదు. నేను వదల్లేకపోయాను.

మొదట చేసిన పనే తప్పని ఇప్పుడు అనిపిస్తుంది. కడగకుండా పొడిగుడ్డతో తుడిచాను. మా అపార్ట్‌మెంటు పక్కనే మరో కట్టడం లేస్తోంది. రోజూ వచ్చి వాలేది ఇసుకదుమ్ము. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. మోస్ కొలమానంలో దాని గట్టిదనం 7. గాజునే గీయగలదు, ఇక పెయింటు ఎంత? తీగ గీసిన నాలుగు గీతల కోసం బానెట్ నిండా సన్నటి సుడిగీతలు నేనే వేశాను.

అవి చూసి కంగారు పడి వంటింట్లోంచి గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ తెచ్చాను. స్టీలు గిన్నె అడుగున మాడును గీకేవి ఆ పీచుకు అతికించిన రాపిడి రేణువులేనని తెలియని వయసు కాదు. నురుగు బాగా ఉంటే మెత్తగా పోతుందనుకున్నాను. బానెట్ ముందు భాగం మసకబారింది. ఇక ఆ మసక పోగొట్టాలని రబ్బింగ్ కాంపౌండ్ కొని, డ్రిల్లింగ్ మెషీన్‌కు స్పాంజి బిగించి, ఎండలో కాగిన రేకు మీద తిప్పడం మొదలుపెట్టాను.

కొంతసేపటికి తుడిచి చూస్తే తెల్లగుడ్డకు నీలం అంటింది. అక్కడ ఆగి ఉండాల్సింది. నేను సంతోషపడ్డాను.

దానికి కారణం మా నాన్నగారి అంబాసిడర్. ఆ కారును ఆయన పాలిష్ పెట్టి తుడుస్తుంటే గుడ్డకు ఎప్పుడూ రంగు అంటేది. పైన ఎండకు సున్నంలా మారిన పొర పోతోందనీ, లోపల అసలు నిగ ఉందనీ చెప్పేవారు. ఆ కారు విషయంలో ఆయన మాట అక్షరాలా నిజం. దాని మీద ఉన్నది ఒకే రకం రంగు. పై పొర అరిగినా కింద ఉన్నదీ అదే. నా కారు అలాంటిది కాదు. ఇప్పటి కార్లకు రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన క్లియర్‌కోట్ అనే రంగులేని పారదర్శక పొర ఉంటాయి. నాలుగూ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల లోపే. అందులో క్లియర్‌కోట్ వాటా దాదాపు 40 మైక్రాన్లు, మన తలవెంట్రుక కంటే పలచన. నిగ అంతా దానిదే. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాచేది కూడా అదే. గుడ్డకు నీలం అంటిందంటే ఆ పొరను పూర్తిగా అరగదీసి అసలు రంగులోకి దిగానన్నమాట. నాన్న నేర్పిన గుర్తును సరిగ్గానే గుర్తుపెట్టుకున్నాను. అది ఈ కారుకు వర్తిస్తుందో లేదో ఎవరినీ అడగలేదు. ఇంతకుమించిన తెలివితక్కువతనం నా జీవితంలో మరొకటి గుర్తురావడం లేదు.

చివరికి కారును షెడ్డుకు తీసుకెళ్తే, అక్కడి పెయింటర్ భాయ్ బానెట్ అంచు మీద వేలు పెట్టి, "ఇక్కడ రుద్దకూడదు సార్, అంచుల్లో పెయింటు నిలవదు, పల్చగా ఉంటుంది" అన్నాడు. నన్ను ఏమీ అనలేదు. గీత తీయడమంటే ఏమిటో ఆయనే చెప్పాడు: పొలంలో గుంట పూడ్చడానికి మన్ను దొరక్కపోతే చుట్టూ ఉన్న నేలనే చెక్కి చదును చేసినట్టు. గీత పోదు, దాని చుట్టూ ఉన్న పొర దాని లోతుకు దిగుతుంది. అరిగింది తిరిగి రాదు. కాబట్టి అతి సన్నటి పాలిష్‌తో, చల్లగా ఉన్న రేకు మీద, నీడలో, చేత్తో, అరచేతి వెడల్పు చోటు రుద్ది, తుడిచి చూసుకోవాలి. చాలకపోతేనే ఇంకొంచెం. గీత సగం తగ్గితే ఆపేయడమే మంచిదని ఆయన సలహా.

బానెట్ మొత్తం మళ్లీ రంగు వేయించాల్సి వచ్చింది. మా కారుది మెటాలిక్ రంగు. అందులోని అల్యూమినియం రేణువులు ఎలా పరుచుకుంటే వెలుతురు అలా ప్రతిఫలిస్తుంది. అందుకే బానెట్‌కు, పక్కన ఫెండర్‌కు తేడా తెలియకుండా రంగును ఫెండర్ల మీదికి కూడా కలుపుకుంటూ పోవాలి. భాయ్ ఆ పని శ్రద్ధగా చేశాడు. అయినా ఫ్యాక్టరీలో వట్టి బాడీని దాదాపు 140 డిగ్రీల వేడిలో కాల్చి గట్టిపరిచిన పూత వేరు, వైర్లూ రబ్బరూ ప్లాస్టిక్కూ బిగించి ఉన్న కారును 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన పూత వేరు. డబ్బు పోసినా ఆ మొదటిది మళ్లీ రాదు. నాకు బాధ కలిగించేది ఖర్చు కాదు, ఇదే.

మీ కారు మీద గీత పడితే ముందు ధారగా నీళ్లు పోసి దుమ్ము పోనివ్వండి. తడి మీద గీత మాయమైతే అది క్లియర్‌కోట్‌లోనే ఉంది. దానికి తొందర లేదు, అలా వదిలేసినా పరవాలేదు. తెల్లగానో బూడిదరంగుగానో కనబడితే ప్రైమర్ దాకా దిగినట్టు, అది రుద్దితే పోయేది కాదు. రేకు బయటపడితే మాత్రం ఆలస్యం చేయకుండా టచప్ వేయించండి, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో. పొద్దున్నే ఒకే బకెట్‌తో అన్ని కార్లూ తుడిచే అబ్బాయికి మరో బకెట్ నీళ్లు, ఒక మంచి మైక్రోఫైబర్ గుడ్డ మీరే ఇవ్వండి. గుడ్డకు మీ కారు రంగు అంటుతుంటే ఆ క్షణమే చేయి తీసేయండి.