ట్యాంకు ఇటు, టిక్కెట్టు అటు

పుదుచ్చేరి పొలిమేర దాటితే కోట్టకుప్పం, అంటే తమిళనాడు. నడుమ గోడా లేదు, కంచే లేదు. పెట్రోలు బంకు ముందు బారును చూసి సరిహద్దు గుర్తుపట్టాలి. పుదుచ్చేరిలో వ్యాట్ తక్కువ కదా, బండ్లన్నీ ఇటే. మందుబాబులకైతే దారి చెప్పక్కర్లేదు, వాళ్లు భూగోళంలో దిట్టలు. అటు తమిళనాడులో చూస్తే 2021 నుంచి ఆడవాళ్లకు మామూలు టౌన్ బస్సు ఉచితం. ఇంకేం, అయ్యగారు ట్యాంకు నింపడానికి ఇటు, అమ్మగారు టిక్కెట్టు లేని బస్సెక్కడానికి అటు!

పుదుచ్చేరిలో భాగమైన మన యానాందీ ఇదే కథ. లీటరు మీద నాలుగు డబ్బులు మిగులుతాయని కాకినాడ నుంచి సుమారు 30 కిలోమీటర్లు వచ్చేవాళ్లున్నారు. బాబూ, ఇంటికి చేరాక ఓసారి ట్యాంకు మూత తీసి చూసుకోండి.