మా ఇంట్లో గేమర్ ఒక్కడే

మా ఇంట్లో ఆటలు అందరం ఆడతాం. గేమర్ మాత్రం ఒక్కడే, మా మేనల్లుడు. ఆ బిరుదు వాడికి ఎవరూ ఇవ్వలేదు, వాడే పుచ్చుకున్నాడు. క్యాండీ క్రష్ ఆడే మా అమ్మ, లూడో ఆడే మా అక్క, ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసి సాలిటేర్ పేర్చుకునే నేను వాడి లెక్కలో ఆటగాళ్ల కిందికి రాము. మేం 'క్యాజువల్స్'. ఆ మాట అనేటప్పుడు వాడి పైపెదవి ఒక పక్కకి కాస్త లేస్తుంది. ఆ పెదవి వాడికి మా నాన్న నుంచి వచ్చింది. ఆయన సినిమా పాటలు వినేవాళ్లని చూసి అలాగే లేపేవారు.

అక్కావాళ్లది మా పై ఫ్లోరే. మేనల్లుడి గదిలోకి అడుగు పెట్టాలంటే చెప్పులతో పాటు మన అభిప్రాయాలు కూడా గుమ్మం బయటే విడవాలి. కుర్చీకి మెడ దగ్గరో దిండు, నడుం దగ్గరో దిండు. అయినా వాడికి ఆ రెండు చోట్లా నొప్పే. కీబోర్డు రంగురంగుల లైట్లతో వెలిగి ఆరుతూ ఉంటుంది. "వినాయక చవితికి మండపం ముందు పెట్టుకుంటాం, ఒక్క పూట ఇవ్వరా" అని అమ్మ ఆ మధ్య అడిగితే రెండు రోజులు మాట్లాడలేదు. ఇక గ్రాఫిక్స్ కార్డు ఎంతకి కొన్నాడో మా బావగారికి ఇప్పటికీ తెలీదు. 'కంప్యూటర్ పార్టు' అని చెప్పాం. ఆ పార్టుకి పెట్టిన డబ్బుకి స్కూటర్ వచ్చేదని నాకూ వాడికీ మాత్రమే తెలుసు.

రోజూ రాత్రి తొమ్మిదింటికి పై నుంచి రెండు గొంతులు వినిపిస్తాయి. "అన్నం చల్లారిపోతోందిరా!" అని అక్క. "ర్యాంక్డ్ మ్యాచ్ అమ్మా, పాజ్ ఉండదు!" అని వాడు. నిజమే, ఉండదు. వాలొరెంట్ లాంటి ఆటలో మధ్యలో లేచిపోతే జట్టులో మిగతా నలుగురూ మునుగుతారు, పైగా లేచినవాణ్ణి కాసేపు ఆడనివ్వకుండా శిక్ష కూడా వేస్తారు. అక్కకి ఈ న్యాయం ఎక్కదు. "గుళ్లో దేవుడికి కూడా నైవేద్యం వేళకి తెర వేస్తారు, నీ ఆటకి ఆ పాటి ఆగడం రాదా?" అంటుంది.

కింద మా ఇంట్లో అమ్మ ఆట వేరే తీరున సాగుతుంది. వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని, కళ్లజోడు ముక్కు చివరికి దించి, ఫోన్‌ని కందిపప్పు డబ్బాకి ఆనించి పెట్టుకుంటుంది. చేతులు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉంటాయి, కళ్లు తెర మీదుంటాయి. ఎత్తు దొరికిందా, కొంగుకి వేలు తుడుచుకుని ఒక్కసారి జరుపుతుంది. ఆటలోని ఇంగ్లీషు పేర్లతో ఆవిడకి పని లేదు. చారలున్న క్యాండీ 'గీతలది', చుట్టిపెట్టినది 'పొట్లం', రంగుల పలుకులు అద్దిన గుండ్రటి చాక్లెట్ 'లడ్డూ'. "గీతలదీ పొట్లమూ పక్కపక్కన వచ్చాయనుకో, మూడు వరసలు అడ్డంగా, మూడు నిలువుగా ఊడ్చుకుపోతాయి. కానీ తొందరపడి కలపకూడదు. ముందు ఆ మూల పాకుతున్న చాక్లెట్‌ని నరకాలి, లేకపోతే గళ్లన్నీ తినేస్తుంది" అని నాకు చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో సేనాధిపతి ఉంటాడు. కుక్కర్ మూడో కూత వేసిందంటే సేనాధిపతి లేచి స్టవ్ కట్టేసి వస్తాడు. క్యాండీలు ఎక్కడివక్కడ నిలబడి ఉంటాయి.

మంచి ఎత్తు పడితే ఫోన్‌లోంచి ఒక బొంగురు గొంతు "టేస్టీ", "డివైన్" అంటుంది. అమ్మ మావైపు చూసి, "ఈ ఇంట్లో నేను చేసిందాన్ని మెచ్చుకునేవాడు ఇతనొక్కడే" అంటుంది.

మేనల్లుడికి ఇదంతా ఆటలాగే కనిపించదు. వాడి సిద్ధాంతం ప్రకారం ఆట అన్నాక మనిషి ఏడవాలి. 2022లో ఎల్డెన్ రింగ్ అనే ఆట వచ్చినప్పుడు మలేనియా అనే ఒక యోధురాలి చేతిలో చచ్చి చచ్చి వాడి కళ్లు లోతుకు పోయాయి. చచ్చిన ప్రతిసారీ తెర మీద 'నువ్వు చచ్చావు' అని ఇంగ్లీషులో ఎర్రటి అక్షరాలు పడతాయి, తెలియనట్టు. ఒకరోజు అమ్మ వెనక నిలబడి చూసింది.

"నువ్వు కొడితే దాని బలం తగ్గదట్రా?"

"తగ్గుతుంది అమ్మమ్మా. కానీ ఆవిడ మనల్ని కొట్టిన ప్రతిసారీ ఆవిడకి కొంత ప్రాణం తిరిగొస్తుంది."

అమ్మ నిట్టూర్చింది. "మా ఆడపడుచూ అంతే."

చివరికి ఒక తెల్లవారుజామున ఆ యోధురాలు పడిపోయింది. వాడి కేక విని వాచ్‌మన్ లిఫ్ట్‌లో పైకొచ్చాడు. "ఇదీ మావయ్యా గేమింగ్ అంటే. మీవన్నీ టైంపాస్" అన్నాడు వాడు. నాకు అప్పుడు విషయం బోధపడింది. మేం తేలిక ఆటలు ఆడటం వాడికి బాధ కాదు. ఏ బాధా పడకుండా సంతోషపడుతున్నాం, అదీ బాధ.

కానీ వాడి మతానికి చరిత్ర సాక్ష్యం చెప్పదు. 1980లో జపాన్‌లో ప్యాక్‌మ్యాన్ తయారు చేసిన తోరు ఇవతాని, గ్రహాంతరవాసుల్ని కాల్చే మగపిల్లలతో నిండిపోయిన ఆటశాలలకి ఆడవాళ్లనీ జంటల్నీ కూడా రప్పించాలనుకునే ఆ తిండిపోతు గుండ్రాన్ని పుట్టించాడు. 1990లో విండోస్‌తో పాటు సాలిటేర్ వచ్చింది. మౌస్ పట్టుకుని లాగడం జనానికి అలవాటయింది, లాగుతున్న చేతులకి జీతాలిస్తున్న కంపెనీలు గుండెలు బాదుకున్నాయి. 1997లో నోకియా ఫోన్‌లో పాము వచ్చింది. 2006లో నింటెండో వాళ్ల 'వీ' అనే యంత్రం వచ్చాక వృద్ధాశ్రమాల్లో తాతలు టీవీ ముందు చెయ్యి ఊపుతూ బౌలింగ్ ఆడారు. ఆ యంత్రం పది కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఈ లెక్కన పండితులు ఎప్పుడూ కొద్దిమందే, పామరులే ఈ పరిశ్రమని పోషించారు. ఇదంతా చెబితే మేనల్లుడు చెవికి హెడ్‌సెట్ తగిలించుకున్నాడు.

ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి, గేట్లు తెరుచుకున్నాయి. క్యాండీ క్రష్ 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్‌లోకి, అదే ఏడాది నవంబరులో ఫోన్లలోకి దిగింది. 2014లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ పింఛన్ల గురించి చర్చిస్తుంటే ఒక సభ్యుడు దీన్ని ఆడుతూ దొరికిపోయాడు. 2023లో విమానంలో ధోనీ టాబ్లెట్ మీద ఇదే ఆట నడుస్తున్న వీడియో దేశమంతా చూసింది. అమ్మ ఆ వీడియో దాచుకుంది. మేనల్లుడు పెదవి లేపినప్పుడల్లా తీసి చూపిస్తుంది. ధోనీ మీద వాడు పెదవి లేపలేడు.

అక్క లూడో సంగతీ అంతే. నవీ ముంబయి కంపెనీ ఒకటి 2016లో తెచ్చిన లూడో కింగ్, 2020 లాక్‌డౌన్‌లో మన చుట్టాలందర్నీ ఒక చోట కూర్చోబెట్టింది. డల్లాస్‌లో ఉన్న చిన్నాన్న కూతురు, రాజమండ్రి పిన్ని, మా అక్క కలిసి ఆడేవాళ్లు. అష్టాచెమ్మాలో గవ్వలు విసిరి పెరిగిన చేతులు కదా, ఫోన్‌లో పాచిక నొక్కే ముందు కూడా పిన్ని గుప్పిట ఆడించి ఊదేది. పండబోతున్న కాయని చంపినందుకు అలిగి రెండు కుటుంబాలు కొన్నాళ్లు మాట్లాడుకోలేదు. మేనల్లుడు దీన్ని 'లక్కు మీద నడిచే గేమ్' అని కొట్టిపారేస్తాడు. ఇన్ని కక్షలు పుట్టించిన ఆట వాడి గదిలో ఒక్కటీ లేదని మనవి.

వాడి వర్గం వాళ్లు మా వర్గాన్ని ఎంత తేలిగ్గా చూస్తారో ప్రపంచానికి తెలిసింది 2018 నవంబరులో. కాలిఫోర్నియాలో బ్లిజార్డ్ కంపెనీ జాతర. డయాబ్లో అనే ఆట కొత్త భాగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన భక్తులు హాలు నిండా కూర్చున్నారు. వేదిక మీద ప్రకటించింది డయాబ్లో ఇమ్మోర్టల్, ఫోన్‌లో ఆడే ఆట. ఒకాయన మైకు దగ్గరికొచ్చి, ఇదేమైనా కాలం తప్పిన ఏప్రిల్ ఫూల్ జోకా అని అడిగేశాడు. హాల్లో ఈలలు, కేకలు. వేదిక మీదున్న తయారీదారు కంగారులో "మీ దగ్గర ఫోన్లు లేవా?" అన్నాడు. ఉన్నాయి. ఆ కేకలన్నిటినీ రికార్డు చేసింది ఆ ఫోన్లే.

డబ్బు మాత్రం ఈ పట్టింపులు చూసుకోలేదు. కాల్ ఆఫ్ డ్యూటీ లాంటి తుపాకుల ఆటలు తీసే యాక్టివిజన్ బ్లిజార్డ్, క్యాండీ క్రష్ తయారు చేసే కింగ్ కంపెనీని 590 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు 2015లో ప్రకటించింది. తుపాకులవాళ్లు మిఠాయివాళ్లతో వియ్యం అందుకున్నారు. 2023లో మైక్రోసాఫ్ట్ ఆ రెంటినీ కలిపి దాదాపు 6,900 కోట్ల డాలర్లకి కొనేసింది. అంటే కాల్ ఆఫ్ డ్యూటీ తుపాకి, అమ్మ లడ్డూ, నా సాలిటేర్ ఇప్పుడు ఒకే యజమానివి. ఉమ్మడి కుటుంబాల కాలం పోయిందని ఎవరన్నారు?

అయితే వాడి వాదనలో ఒక ముక్క మాత్రం ఒప్పుకోవాల్సిందే. "ఆటని ఒకసారి కొనుక్కుని హాయిగా ఆడుకునేవాళ్లం మావయ్యా. ఫ్రీగా ఇచ్చి, మంచి పట్టులో ఉండగా ఆపేసి, ముందుకెళ్లాలంటే డబ్బు కట్టమనడం మీ ఆటలతోనే ముదిరింది. ఇప్పుడు డెబ్భై డాలర్ల ఆట కొన్నా లోపల కొట్టు తెరిచి కూర్చుంటున్నారు" అంటాడు. కాదనలేం. క్యాండీ క్రష్‌లో అయిదు ప్రాణాలు ఉంటాయి. ఓడితే ఒకటి పోతుంది, పోయినది తిరిగి రావాలంటే అరగంట ఆగాలి. ఆగలేనివాళ్లు కొనుక్కోవాలి. ఓపిక లేకపోవడాన్ని కిలోల లెక్కన అమ్ముకునే వ్యాపారం ఇది.

చిక్కేమిటంటే, మా ఇంట్లో ఆ కొట్టుకి వెళ్లింది వాడే. వాలొరెంట్‌లో వాడి దగ్గర ఒక మెరిసే కత్తి ఉంది. వేల రూపాయలు. దాంతో గెలుపు పెరగదు, ఊరికే మెరుస్తుంది. "కూరగాయలైనా తెగుతాయిట్రా?" అని అమ్మ అడిగింది. అమ్మ మాత్రం ఇన్నేళ్లలో ఒక్క పైసా కట్టలేదు. ప్రాణాలు అయిపోతే ఫోన్‌లో తేదీ ముందుకి జరుపుతుంది. ఆటకి కాలం గడిచిపోయిందన్న భ్రమ కలిగి ప్రాణాలన్నీ ఇచ్చేస్తుంది. తేదీ వెనక్కి తిప్పడం మర్చిపోయిన రోజుల్లో వాట్సాప్ మొరాయిస్తుంది. ఒకసారి ఆ ఫోన్ చూసుకుని ఏకాదశి ఉపవాసం దశమి నాడే ఉండేసింది. ఈ కిటుకు తెలిసిన రోజున మేనల్లుడు ఆవిణ్ణి కొత్తగా చూశాడు. "అమ్మమ్మా, ఇది ఎక్స్‌ప్లాయిట్!" అన్నాడు. వాడి నోట మా వర్గం విన్న మొదటి గౌరవ వాచకం అదే.

కొన్నాళ్లుగా గమనిస్తున్నాను, ఈ పెదవి లేపడం వాడొక్కడి జబ్బు కాదు. పీసీలో ఆడేవాళ్లకి ప్లేస్టేషన్ వాళ్లంటే చులకన. ప్లేస్టేషన్ వాళ్లకి ఫోన్‌లో ఆడేవాళ్లంటే చులకన. ఫోన్‌లోనే బీజీఎంఐ ఆడే కుర్రాళ్లకి ఫ్రీ ఫైర్ ఆడే కుర్రాళ్లంటే నవ్వు. వాళ్లిద్దరికీ కలిపి లూడో అంటే నవ్వు. మా అక్క, "ఒక్కదానివే కూర్చుని ఆ మిఠాయిలేంటమ్మా, మనుషులతో ఆడాలి గానీ" అంటుంది. అమ్మకి మూడో ఫ్లోరు ఆవిడంటే పడదు, ప్రాణాలు డబ్బిచ్చి కొంటుందట. "కొనుక్కుని గెలిస్తే అదేం గెలుపే?" అన్నప్పుడు అమ్మ పైపెదవి సరిగ్గా మేనల్లుడిదే. అందరికంటే అట్టడుగున నేనున్నాననుకున్నాను. కానీ సాలిటేర్‌లో వేసిన ముక్కని అన్‌డూ నొక్కి వెనక్కి తీసుకునేవాళ్లున్నారు. వాళ్లతో నన్ను కలపకండి. ఇక మేనల్లుడి పైన కూడా జనం ఉన్నారు. ఒక్క దెబ్బ తగలకుండా ఎల్డెన్ రింగ్ పూర్తి చేసినవాళ్లు, డ్యాన్స్ ప్యాడ్ మీద కాళ్లతో తొక్కి మలేనియాని ఓడించినవాళ్లు. ఆ సంగతి వాడు ఇంట్లో ఎత్తడు.

ఎత్తాల్సిన రోజు పెళ్లిచూపుల్లో వచ్చింది. అంతకుముందే ఒక సంబంధం, అబ్బాయి 'ఆన్‌లైన్ గేమింగ్' చేస్తాడని తెలిసి తప్పిపోయింది. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించడం అమ్మాయి తండ్రికి బాగా గుర్తుంది. మావాడు ఆడేది పేకాట కాదని చెప్పేలోగా వాళ్లు కారెక్కేశారు. అందుకని ఈసారి అక్క, "వీడియో గేములు ఆడతాడండీ, అంతే, పైసా పందెం లేదు" అని ముందే చెప్పేసింది.

అమ్మాయి కాఫీ కప్పు కింద పెట్టి మొదటిసారి తలెత్తింది.

"ఏం ఆడతారు?"

"వాలొరెంట్" అన్నాడు మావాడు, వినయంగా, కొంచెం గర్వంగా.

"ర్యాంకు?"

"గోల్డ్."

"ఓ" అంది. "నేను ఇమ్మోర్టల్."

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, గోల్డ్‌కీ ఇమ్మోర్టల్‌కీ మధ్య ప్లాటినం, డైమండ్, అసెండెంట్ అని ఇంకా మూడు మెట్లున్నాయి. నాకూ అప్పటికి తెలియదు, మేనల్లుడి ముఖం చూసి అర్థమైంది. అమ్మాయి మర్యాదగానే నవ్వి, "అయితే మీరు క్యాజువల్‌గా ఆడతారన్నమాట" అంది. ఆ అమ్మాయి పైపెదవి ఒక పక్కకి, కొంచెమే, లేచింది.

కారులో ఎవరూ మాట్లాడలేదు. అమ్మ మాత్రం మనవడి భుజం మీద చెయ్యేసి, "పోనీలేరా, అరగంట ఆగితే ప్రాణం మళ్లీ వస్తుంది" అంది.