పండగ సెలవులు నాకు పడవు: ఒక ఎయిర్ రైఫిల్ ఆత్మకథ

నన్ను చూడగానే వెనక్కి జరిగేవాళ్లుంటారు. వాళ్ల కోసం ముందే చెబుతున్నాను: ఇన్నేళ్లలో నేను పిట్టనైనా కొట్టలేదు. పది మీటర్ల దూరంలో ఉన్న అట్టముక్కకు చిల్లు పెట్టడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. నేను వదిలేది 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్, బరువు సుమారు అర గ్రాము. అది తగలాల్సిన నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, ఆవగింజలో సగం కూడా ఉండదు. నిలబడి, ఏ ఆసరా లేకుండా, దగ్గర దగ్గర ఐదు కిలోల నన్ను మోస్తూ ఆ చుక్కను కొట్టాలి. అదీ 75 నిమిషాల్లో 60 సార్లు. అంటే పోటీ ముగిసేసరికి 300 కిలోలు ఎత్తి దించినట్టు. చూసేవాళ్లకు మాత్రం అక్కడ ఏమీ జరుగుతున్నట్టే ఉండదు. నా బతుకులో సగం అపార్థాలు అక్కడే పుట్టాయి.

మా పుట్టిల్లు జర్మనీ. గొట్టం ఎలా తొలిచారో, మడమ ఎలా అమర్చారో చెప్పుకుంటూ పోతే మీకు నిద్రొస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. నా గొట్టం కింద ఒక సిలిండర్ ఉంటుంది. అందులో గాలి 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది, అంటే కారు టైరులో ఉండేదానికి దాదాపు వంద రెట్లు. ఆ సిలిండర్ మీద తయారైన తేదీ చెక్కి ఉంటుంది. అక్కడి నుంచి పదేళ్లు. ఆ గడువు దాటితే పోటీలో అడుగు పెట్టనివ్వరు. పుట్టగానే ఒంటి మీద ఆయుర్దాయం రాయించుకుని వచ్చిన జాతి మాది.

మా వంశానికి ఈ దేశంలో మంచి పేరే ఉంది. 2008 ఆగస్టు 11న బీజింగ్‌లో అభినవ్ బింద్రా భారతదేశానికి వ్యక్తిగత విభాగంలో తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది మా ఈవెంట్‌లోనే, పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. చివరి షాటుకు ముందు ఫిన్లాండ్ షూటర్‌తో సమానంగా ఉన్నాడు. ఆ ఆఖరి షాటుకు 10.8 పడింది, గరిష్ఠానికి వెంట్రుకవాసి తక్కువ. టీవీలో అందరూ ఆ ఒక్క షాటునే చూశారు. ఆయన ఇంట్లోనే రేంజ్ కట్టించుకుని గంటల తరబడి నిలబడటం గానీ, ఒలింపిక్స్‌కు ముందు భయాన్ని జయించడానికి ఎత్తయిన స్తంభం ఎక్కడం గానీ ఎవరు చూశారు? తుపాకీ పట్టేవాడికి స్తంభం ఎక్కడం ఎందుకని అడగొచ్చు. గుండె దడదడలాడుతున్నప్పుడు కూడా చేయి నిలబడాలి. ఆ పాఠం రేంజ్‌లో దొరకదు.

మా వాళ్ల తప్పు ఎప్పుడూ లేదని నేననను. 2021లో టోక్యోలో మా చిన్న చెల్లెలు ఎయిర్ పిస్టల్ పోటీ మధ్యలో మనూ భాకర్ చేతిలో మొరాయించింది. విలువైన నిమిషాలు పోయాయి, ఆ అమ్మాయి ఫైనల్‌కు చేరలేదు. ఆ వార్త విన్న రోజు మా జాతి మొత్తం తల దించుకుంది. 2024లో పారిస్‌లో అదే అమ్మాయి అదే ఈవెంట్‌లో కాంస్యం గెలిచాక మళ్లీ ఎత్తుకున్నాం. కానీ అలాంటివి అరుదు. మిగతా నేరాలన్నీ మా మీద మోపినవే. నా కథ అలాంటిదే.

2012లో లండన్‌లో, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచాడు. ఆ ఏడాది ఎంతమంది తండ్రులకు తమ కొడుకులో గగన్ కనిపించాడో! వాళ్లలో ఒకాయన నన్ను కొన్నాడు. కుర్రాడు తొమ్మిదో తరగతి. చెడ్డవాడు కాదు. మొదట్లో నన్ను మెత్తటి గుడ్డతో తుడిచేవాడు, చెంప ఆనించే చోట అంటిన చెమట కూడా ఉంచేవాడు కాదు. పది షాట్లు ఒక సిరీస్. డిసెంబరు నాటికి సిరీస్‌కు సిరీస్ స్కోరు పెరుగుతూ వచ్చింది. ఇంతలో సంక్రాంతి సెలవులు.

సెలవులకు ముందు కోచ్ సారు చెప్పింది కొంచెమే. "రెండు మూడు రోజులు దీని మొహం చూడకు. తర్వాత రోజూ అరగంట పెల్లెట్లు లేకుండా డ్రై ప్రాక్టీస్ చెయ్. కాస్త పరుగెత్తు." కుర్రాడు తలూపాడు. నన్ను కేసులో పెట్టి, కేసును బీరువా మీదికెక్కించి, ఊరెళ్లిపోయాడు. కేసు మీద ఎవరో అరిసెల డబ్బా పెట్టారు. ఆ నెయ్యి వాసనతోనే నాకు పండగ.

తిరిగొచ్చినప్పుడు వాడి వేళ్లు చూసి గతుక్కుమన్నాను. గాలిపటం మాంజా కోసుకుపోయి చూపుడు వేలికి ప్లాస్టర్ ఉంది. నా ట్రిగర్ వంద గ్రాముల లోపు ఒత్తిడికే కదులుతుంది. ఆ వేలి చర్మానికి తెలియాల్సిన సంగతి అది. ప్లాస్టర్‌కు ఏం తెలుస్తుంది? షూటింగ్ జాకెట్ గుండీలు ఒక పట్టాన పడలేదు. పూతరేకులకు, సున్నుండలకు అది లొంగే బట్ట కాదు. మొదటి సిరీస్‌లోనే పదులకు బదులు ఎనిమిదులు పడటం మొదలైంది.

"రైఫిల్‌లో ఏదో తేడా ఉంది సార్" అన్నాడు.

ఆ మాటతో నా ప్రారబ్ధం మొదలైంది. వాడు నా సైటు మరల్ని అటు నాలుగు క్లిక్కులు, ఇటు ఆరు క్లిక్కులు తిప్పాడు. కొత్త రకం పెల్లెట్లు తెప్పించారు. చివరికి నన్ను బిగింపులో పెట్టి, మనిషి చేయి తగలకుండా కాల్చి చూశారు. పెల్లెట్లన్నీ ఒకే చిల్లులోంచి వెళ్లాయి. నేను నిర్దోషినని తేలింది. దానికి ఎవరూ సంతోషించలేదు.

తేడా ఎక్కడుందో నాకు తెలుసు. గురి చూడటం మరిచిపోలేదు వాడు. అది అంత త్వరగా పోదు. పోయింది నిలకడ. నన్ను పట్టుకుని నిలబడటమంటే కాలి మడమ నుంచి మెడ దాకా ప్రతి కండరానికీ పనే. ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనాలి, నడుము కాస్త వెనక్కి వంగి మెలిక పడాలి, భారం చేతి కండల మీద కాక ఎముకల మీద నిలవాలి. ఊపిరి సగం వదిలి కొన్ని క్షణాలు ఆపాలి. ఆ క్షణాల్లో నా మొన చుక్క చుట్టూ సన్నగా తిరుగుతుంటుంది. సాధన ఉన్నవాడికి ఆ తిరుగుడు చిన్నది. సాధన పోయినవాడికి అదే పెద్దదవుతుంది. కన్ను ఈ సంగతి చూసి కంగారుపడుతుంది. ఆ కంగారు వేలికి చేరి ట్రిగర్‌ను లాగేస్తుంది. తర్వాత నోరు వచ్చి నన్ను తిడుతుంది.

తర్వాత ఇంటర్ వచ్చింది, దాని వెనకాలే ఐఐటీ కోచింగ్ వచ్చింది. బీరువా మీద నుంచి నన్ను అటక మీదికి మార్చారు. పాత ఎయిర్ కూలరు, మూత పోయిన ఇడ్లీ పాత్ర, బొమ్మల కొలువు మెట్లు, వాళ్ల మధ్య నేను. కూలర్‌కైనా వేసవిలో పిలుపొచ్చేది. సిలిండర్‌లో మిగిలిన గాలి రబ్బరు సీళ్లు ఎండేకొద్దీ మెల్లగా కారిపోయింది. నాకున్న ఊపిరి అదే. అది పోతున్న చప్పుడు పక్కనే ఉన్న బల్లికి తప్ప ఎవరికీ వినిపించలేదు. ఆఖరి రోజు తుడవకుండా పెట్టిన చెమట మరక ఉక్కు మీద తుప్పు చుక్కగా మారింది. ఒక భోగి తెల్లవారుజామున ఇంటి పెద్దావిడ అటక కేసి చూస్తూ, "ఆ పెట్టె కూడా ఖాళీ చేసి మంటలో పడేయకూడదుట్రా?" అంది. అంత చలిలోనూ నాకు చెమటలు పట్టాయి. "లక్షలు పోశానమ్మా దానికి" అన్నాడు తండ్రి. నా ప్రాణం కాపాడింది నా విద్య కాదు, నా ధర.

అలా ఉండగా నన్ను సెకండ్ హ్యాండ్‌లో ఒక అమ్మాయి తండ్రికి అమ్మారు. అది 2018. ఆడపిల్లలకు అంతవరకూ 40 షాట్లే ఉండేవి. ఆ ఏడాది నుంచే మగవాళ్లతో సమానంగా 60 చేశారు. ఇరవై షాట్లు పెరిగాయంటే నడుం మీద నూరు కిలోల పని పెరిగినట్టు. ఆ అమ్మాయికి ఆ లెక్క ముందే అర్థమైంది. సీళ్లు మార్పించింది, తుప్పు గీకించింది. సంక్రాంతికి అందరూ కోనసీమలో అమ్మమ్మగారి ఊరికి బయల్దేరుతుంటే నన్నూ కారెక్కించింది. గొట్టంలో నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగు పెట్టి, పెల్లెట్ల డబ్బా మాత్రం హైదరాబాద్‌లోనే వదిలేసింది.

పెల్లెట్లు లేకుండా రైఫిల్ ఎందుకని మేనమామ పిల్లలు నవ్వారు. మా పనిలో సగానికి పైగా డ్రై ప్రాక్టీసే. నాలో ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని మారిస్తే గాలి వదలను, ట్రిగర్ మాత్రం టక్కుమంటుంది. వెనక గదిలో సున్నం కొట్టిన ఖాళీ గోడ ముందు ఆ పిల్ల నిలబడేది. మొదట టార్గెట్ కూడా ఉండదు. గోడ కేసి పట్టుకుని, ఒళ్లు ఎక్కడ బిగుస్తోందో, పాదాల మీద బరువు ఎటు మొగ్గుతోందో గమనించాలి. కళ్లు మూసి, తెరిచి, నా మొన తనంతట తాను ఎటు తిరిగిందో చూడాలి. పక్కకు తిరిగి ఉంటే చేత్తో లాగకూడదు, పాదం జరపాలి. తర్వాత చిన్న చుక్క అంటించి ట్రిగర్. టక్కుమన్నాక కూడా ఓ క్షణం అలాగే ఉండాలి.

"ఏమే బంగారూ, ఇంతసేపూ ఏం చేశావే?" అని అడిగింది అమ్మమ్మ.

"నిలబడ్డాను అమ్మమ్మా."

"నిలబడ్డానికి జర్మనీ నుంచి తుపాకీ తేవాలటే?"

నేను లోపల్లోపల నవ్వుకున్నాను. ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

నాతో అరగంటే. మిగతా సాధన అంతా నేను లేకుండానే. మొదట్లో నాకు అసూయగా ఉండేది, తర్వాత అర్థమైంది. నేను మనిషి ఒంటిని ఒకే వైపు మెలిపెడతాను. ఏడాది పొడుగునా అలాగే నిలబడితే నడుము నొప్పి ఖాయం. అందుకే సెలవుల్లో రెండో వైపుకూ వ్యాయామం కావాలి. ఒకరోజు పొద్దున్నే మంచులో కాలువ గట్టు మీద తేలికపాటి పరుగు, మాట్లాడగలిగేంత వేగంతో. షాటుకూ షాటుకూ మధ్య గుండె నెమ్మదించేది దాని వల్లే. మర్నాడు ప్లాంకులు, నడుముకూ వీపుకూ బలమిచ్చే పని, తొడ వెనక కండరాలు సాగదీయడం. ఇంకోరోజు పొలం గట్టు మీద చేతులు చాపి నడక, ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకోవడం. గట్టు మీద నుంచి చేలో పడి పిల్లలందరి చేతా నవ్వించుకుంది కూడా. స్కిప్పింగ్, బావతో బ్యాడ్మింటన్. కనుమ నాడు మొత్తం సెలవే. ఆ రోజు అరిసెలు లెక్కపెట్టకుండా తింది, నాకేం కోపం రాలేదు. విశ్రాంతి వేరు, వదిలేయడం వేరు. గాలిపటాల దగ్గర మాత్రం చరఖా పట్టుకుంది గానీ మాంజా ముట్టలేదు. రాత్రి డైరీలో రెండు మూడు ముక్కలు రాసుకునేది: ఎన్నిసార్లు ఎత్తాను, ఎక్కడ బిగుసుకున్నాను, నిద్ర ఎలా పట్టింది.

ఇంట్లోనే సాధన సాగించడం వింతేమీ కాదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పిస్టల్ నేర్చుకునే రోజుల్లో వాళ్ల నాన్న ఇంట్లోనే కాగితం టార్గెట్లతో రేంజ్ ఏర్పాటు చేశారు. పదమూడేళ్లకే ఆ అమ్మాయి సీనియర్ జాతీయ చాంపియన్ అయింది.

సెలవులయ్యాక మా పిల్ల రేంజ్‌కు వెళ్లి మొదటి సిరీస్ వేసింది. అద్భుతాలేం జరగలేదు. డిసెంబరులో ఎక్కడ ఆగిందో జనవరిలో అక్కడే మొదలుపెట్టింది. సెలవుల సాధన ఫలితం అంతే. పక్క లేన్లలో వాళ్లు ఫిబ్రవరి దాకా పోయినదాన్ని వెతుక్కుంటుంటే, ఈ పిల్ల కొత్తది నేర్చుకుంటోంది.

2022 వచ్చింది. నా సిలిండర్ గడువు తీరింది. ఆ పాటికి అమ్మాయి ఎత్తు పెరిగింది, స్కోరూ పెరిగింది, కొత్త రైఫిల్ వచ్చింది. నన్ను క్లబ్బుకు ఇచ్చేసింది. ఇచ్చేముందు శుభ్రంగా తుడిచింది. ఆ మర్యాద నాకు చాలు. క్లబ్బులో కొత్త సిలిండర్‌కు డబ్బు ఎప్పుడూ "వచ్చే నెల" మంజూరవుతుంది. కాల్చలేని రైఫిల్‌గా బీరువాలో కొన్నాళ్లు గడిపాను. వచ్చినవాళ్లు తలుపు తీయడం, నా సిలిండర్ మీది తేదీ చూడటం, పక్కదాన్ని తీసుకెళ్లడం. అటక మీద ఎవరూ చూడరన్న బాధ ఉండేది. ఇక్కడ చూసి మరీ వదిలేస్తారు.

అప్పుడు కోచ్ సారుకు నేను గుర్తొచ్చాను. సొంత రైఫిల్ లేని పిల్లలు సెలవుల్లో ఏం చేయాలి? కాల్చే రైఫిల్‌ను ఇంటికి పంపలేరు. గాలి లేనిదాన్ని పంపొచ్చు. ట్రిగర్ పనిచేస్తుంది, సైటు పనిచేస్తుంది, బరువు సరిపోవడానికి ఖాళీ సిలిండర్ అలాగే ఉంచారు. అప్పటి నుంచి దసరాకు ఒక ఇంటికి, సంక్రాంతికి ఇంకో ఇంటికి వెళ్తున్నాను. వయసులో ఉన్నప్పుడు సెలవులంటే నాకు శిక్ష. పనికిరానని పక్కన పెట్టాక సెలవుల్లో నాకు తప్ప ఇంకెవరికీ పని లేదు.

ఈ పండక్కి నన్ను తీసుకెళ్లే పిల్లలకు నా షరతులు చెబుతున్నాను. నా కేసు మీద పిండివంటల డబ్బాలు పెట్టకండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదలకండి. చెమట తుడవండి. మనుషుల వైపు ఆటకైనా నా మొన తిప్పకండి. రెండు రోజులు నన్ను మరిచిపోండి, పదిహేను రోజులు మాత్రం వద్దు. ఇవేవీ చేయకుండా పండగ వెళ్లాక రేంజ్‌లో ఎనిమిదులు పడితే, దయచేసి నా సైటు మరల జోలికి రాకండి. మీరు ఎటు చూపితే అటే కొట్టడం తప్ప నాకు వేరే బుద్ధి లేదు.