మీటకో రేటు

మెకానికల్ కీబోర్డు రసికుడు కీబోర్డు కొనడు. కొంటే పరువు తక్కువ. ‘బిల్డ్’ చేస్తాడు. డబ్బా ఒకడి దగ్గర, సర్క్యూట్ బోర్డు ఇంకొకడి దగ్గర, స్విచ్చులు చైనా నుంచి, వాటిమీద తొడిగే కీక్యాపులు జర్మనీ నుంచి. ‘బేర్‌బోన్స్’ అని ముద్దుగా పిలిచే సరుకుకి ఇరవై వేలు పోస్తే ఇంటికొచ్చేది నొక్కడానికి ఒక్క మీటైనా లేని కీబోర్డు.

మా ద్రాక్షారామం వాళ్లం లెక్కలు చదవలేని జనం కాదండి. భీమేశ్వరాలయం రాళ్లమీద వందల కొద్దీ దానశాసనాలున్నాయి. అఖండదీపం పెట్టించిందెవరు, అందుకు ఏమిచ్చారు, అది ఎన్నాళ్లు వెలగాలి, అన్నీ చెక్కిపెట్టారు. ఈ కీబోర్డు బిల్లుకి మాత్రం ఆ శాసనాలు పరిష్కరించిన పండితులు దిగొచ్చినా అర్థం చెప్పలేరు. తెల్లరంగు కావాలా? దాని పేరు ‘ఈ-వైట్’, అదనం. అడుగున ఇత్తడి దిమ్మ కావాలా? అదనం. బల్లమీద పెట్టాక అడుగు ఎవరికీ కనబడదు కదా అనకండి. కనబడని దిమ్మకి అద్దంలాంటి మెరుగు పెట్టించడానికి ఇంకో రేటుంది.

స్విచ్చులోని స్ప్రింగు సంగతి చూడండి. జీలియోస్ అనే పేరున్న స్విచ్చు నాలుగు బరువుల్లో దొరుకుతుంది: 62, 65, 67, 78 గ్రాములు. అరవై అయిదుకీ అరవై ఏడుకీ తేడా తన చూపుడువేలికి తెలిసిపోతుందని రసికుడు ఒట్టేసి చెబుతాడు. అదే మనిషి జీతంలో రెండు వేలు కోతపడితే మూడు నెలలకి గానీ గమనించడు.

అసలు తమాషా స్విచ్చులు ఇంటికొచ్చాక మొదలవుతుంది. వచ్చినవి వచ్చినట్టు బిగిస్తే గరగరమంటాయట. కనుక ఒక్కొక్కటీ విప్పాలి. పైడొప్ప, కాడ, స్ప్రింగు, కిందిడొప్ప: స్విచ్చుకి నాలుగు ముక్కలు. 87 మీటల బోర్డుకి 348. క్రైటాక్స్ 205 అనే ఖరీదైన గ్రీజుని సన్నటి కుంచెతో, ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా, ముక్క ముక్కకీ పుయ్యాలి. దీన్నే ‘లూబ్’ చెయ్యడం అంటారు. కార్ఖానావాడు కూలిచ్చి చేయించాల్సిన పని ఇది. ఇక్కడ సరుకు కొన్నవాడే శని, ఆదివారాలు నడుం విరిగేలా కూర్చుని చేస్తాడు. కూలి అడగడు సరిగదా, గ్రీజూ కుంచే కూడా తన డబ్బుతోనే తెచ్చుకుంటాడు, చేసినందుకు గర్వపడతాడు కూడా. ప్రపంచంలో ఏ యజమానికీ ఇంత మంచి కూలీలు దొరికి ఉండరు.

ఆ తర్వాత స్పేస్‌బార్ ఒరగకుండా దాని కింద పట్టి ఉంచే స్టెబిలైజర్లు. అవి గలగలమంటే దానికో ప్రసిద్ధమైన చిట్కా ఉంది: బ్యాండ్-ఎయిడ్ ముక్క కత్తిరించి కింద అతికించడం. ముప్ఫై వేల వస్తువు, మందుల షాపు పట్టీ. బోర్డు వెనక మాస్కింగ్ టేపు వేస్తే చప్పుడు గంభీరమవుతుందని మరో రహస్యం. ఆ టేపుతో రంగు మేస్త్రీలు ఇన్నాళ్లూ కిటికీ చట్రాలు కప్పి వృథా చేశారు, పాపం.

ఇందులో మీటలు తగ్గేకొద్దీ మోజు పెరుగుతుంది. మామూలు కీబోర్డుకి 104 మీటలు. అంకెల గడులు తీసేస్తే 87. బాణాలూ పై వరసా కూడా పీకేస్తే 61, అది ‘సిక్స్టీ పర్సెంట్’. ధర మాత్రం అరవై శాతానికి దిగదు. జపాన్‌వాళ్ల హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డులో అయితే అక్షరాలే లేని మీటల రకం కూడా ఉంది. అక్షరాలు అచ్చెయ్యనందుకు ధర తగ్గించమని ఎవరూ అడిగినట్టు లేరు.

కీక్యాపుల కోసం నడిచే ‘గ్రూప్ బై’ అచ్చం మన చీటీ లాంటిదే, పాట తప్ప. అందరూ డబ్బు ముందే కట్టేస్తారు. ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు చూస్తారు. డివిడెండు లేదు, పాడుకునే వీల్లేదు. మధ్యలో నిర్వాహకుడు కొట్టు కట్టేస్తే అతని గుమ్మం ముందు కూర్చుందామన్నా ఆ గుమ్మం ఏ ఖండంలో ఉందో తెలీదు. జర్మనీలోని జీఎమ్‌కే వారి కీక్యాపుల సెట్టు ఒక్కటే నూరు డాలర్లు దాటుతుంది. బొమ్మలున్న మీటలు వేరే పొట్లం, పొడుగు స్పేస్‌బార్లు ఇంకో పొట్లం. పైగా ఆ ప్లాస్టిక్కు వాడేకొద్దీ నున్నబడి మెరుస్తుందని బెంగ. అందుకని వాడకుండా దాచుకునేవాళ్లున్నారు.

ఎస్కేప్ మీట ఒక్కదానికీ చేత్తో పోతపోసిన ‘ఆర్టిజన్’ క్యాపులుంటాయి. వాటిని కొనాలంటే ముందు లాటరీలో పేరు రావాలి. బహుమతి ఏమిటయ్యా అంటే, డబ్బు కట్టే అవకాశం. ఇవన్నీ చిల్లర ఖర్చులనుకునే మహారాజులకి అమెరికాలో నార్‌బావర్ అనే ఆయన ‘సెనెకా’ తయారుచేశాడు. విడుదలనాటి ధర 3,600 డాలర్లు, మన డబ్బులో మూడు లక్షల పైమాటే. బరువు సుమారు మూడు కిలోలు. కిలో లక్ష చొప్పున తూచి అమ్ముతున్నారన్నమాట.

సరే, ఇంతా చేసి రసికుడు దానిమీద ఏం రాస్తాడు? చప్పుడు రికార్డు చేస్తాడు. ‘థాక్’ అందా ‘క్లాక్’ అందా అని తోటి రసికుల్ని అడుగుతాడు. మీటల మీద ఇంగ్లీషు పక్కన జపాను లిపి చిన్నగా ఉంటుంది, అందానికి. ఆ లిపి ఆయనకి రాదు. వచ్చిన తెలుగేమో మీటల మీద లేదు, అమ్మకి మెసేజీ కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే పెడతాడు.

నలభై వేల కీబోర్డు బల్లమీద పెట్టుకుని, చెల్లెలి పెళ్లి శుభలేఖ రాయించడానికి ఆయన డీటీపీ కొట్టుకే వస్తాడు. అక్కడ ఏళ్లతరబడి దెబ్బలు తింటున్న టీవీఎస్ గోల్డ్ ఉంటుంది, మూడు వేలు అటూ ఇటూ చేసే సరుకు. సగం మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి, ఆపరేటర్‌కి వాటితో పని లేదు. అను ఫాంట్లలో ‘శ్రీరస్తు శుభమస్తు’ క్షణంలో పడిపోతుంది, టకటకమని. రసికుడి చెవి నిక్కబొడుచుకుంటుంది.

“ఇవి చెర్రీ బ్లూ స్విచ్చులు కదండీ! లూబ్ చెయ్యలేదేంటండీ?”

“చేద్దాం లెండి బాబూ. ముందు ప్రూఫు చూసుకోండి, పెళ్లికొడుకు ఇంటిపేరు ఇదేనా?”