గీత ఎటు పెట్టావ్ బావా?

నాకో జబ్బుంది. పని రాకపోయినా ఫర్వాలేదు, ఆ పనికి కావలసిన సరంజామా మాత్రం ఘనంగా ఉండాలి. నవ్వకండి. బట్టలు ఆరేసుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాని ట్రెడ్‌మిల్ మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

ఇలాంటివాడి కంట 1989 నాటి మెకింతాష్ ఎస్ఈ/30 పడితే ఊరుకుంటాడా? ఇక్కడ కాలిఫోర్నియాలో పాత సామాన్ల సంతలో కొన్నాను. ఇంటికి తెచ్చి స్విచ్చి వేస్తే తొమ్మిదంగుళాల తెర నిండా చారలే. విప్పి చూస్తే మదర్‌బోర్డు నుంచి చేపల కంపు. ఆ కాలం బోర్డులకు ఇది మామూలు రోగమే. బుల్లి అల్యూమినియం కెపాసిటర్ల అడుగునుండే రబ్బరు సీలు ఏళ్లు గడిచేసరికి పాడై, లోపలి ద్రవం కారి, బోర్డు మీది రాగిని తినేస్తుంది. వాటిని పీకేసి, కారే బెడద లేని టాంటలం కెపాసిటర్లు పెట్టాలి.

"ఈసీఈ చదివినవాణ్ణి, నాకిదో లెక్కా!" అన్నాను మా ఆవిడతో. చదివిన మాట నిజమే. కాలేజీ వదిలాక సోల్డరింగ్ ఐరన్ ముట్టిన పాపాన పోలేదన్నదీ నిజమే.

అందుకే ముందుగా అరచేతిలో ఇమిడే హాట్‌ప్లేట్ ఒకటి తెప్పించాను. "బొమ్మల పెళ్లికి దోసెలు పోస్తారా దీనిమీద?" అంది మా ఆవిడ. పామరుల మాటలు పట్టించుకోలేదు. గ్రౌండ్‌కి కలిసే చోట పరుచుకున్న రాగి వేడినంతా లాగేసుకుంటుంది. పైనుంచి ఐరన్‌తో పెనుగులాడితే ప్యాడే ఊడొస్తుంది. అదే ప్లేటు పెట్టి కిందినుంచి బోర్డును 150 డిగ్రీల దాకా వెచ్చబెట్టామనుకోండి, సోల్డర్ కరిగేది 183 దగ్గర కాబట్టి పైనుంచి కాస్త వేడి తగిలితే చాలు. మసకగా ఉన్న సోల్డర్ ఉన్నట్టుండి తళుక్కుమంటుంది, పట్టకారుతో ఎత్తితే కెపాసిటర్ నోరెత్తకుండా వచ్చేస్తుంది. ఒక్క ప్యాడూ ఊడలేదు. వాటి చోట టాంటలంవి కూడా అతికించేశాను. నా తల మాత్రం అటకకి తగిలింది.

ఇంత ఘనకార్యం ఎవరూ చూడకపోతే ఎలా? విజయవాడలో సెల్‌ఫోన్ల రిపేరు షాపున్న మా బావమరిదికి వీడియో కాల్ చేశాను. కంటికి ఆనని పార్టులు రోజూ మార్చే కుర్రాడు. అతనికి నేను వేడి గురించి పాఠం చెప్పాను! పాపం, ఓపిగ్గా విని ఒకే ఒక్క మాట అడిగాడు.

"గీత ఎటు పెట్టావ్ బావా?"

"పాతవాటికి ఎటుందో అటే. ఇంజనీరుకి చెబుతావేంట్రా!" అని స్విచ్చి నొక్కాను.

ఠప్! ఓ మెరుపు, వెంటనే ఇంకో ఠప్, పొగ, కంపు, ప్లగ్గు పీకబోయి టేబుల్ ల్యాంపుది పీకాను, చీకట్లో ఇంకో ఠప్, గోడమీది స్మోక్ అలారం కూత, దాని కింద తువ్వాలు ఊపుతూ మా ఆవిడ, ఫోన్లో బావమరిదితోపాటు తలలు పెట్టి చూస్తున్న అతని కస్టమర్లు!

సంగతేమిటంటే, అల్యూమినియం కెపాసిటర్ మీది నల్ల గుర్తు మైనస్. టాంటలం మీది గీత ప్లస్. అన్నీ శ్రద్ధగా, వరుసగా, తలకిందులుగా అతికించాను.

కష్టమైన సంగతులు మనం పుస్తకాలు తిరగేసి మరీ నేర్చుకుంటాం. తేలికైనవి అడగాలంటేనే నామోషీ. అందులోనూ మనకంటే చిన్నవాడు, డిగ్రీ లేనివాడు చెబితే చెవికెక్కుతుందా?

బావమరిది నవ్వలేదు, అదే ఎక్కువ బాధేసింది. "పేలనివి కూడా నమ్మొద్దు బావా, అన్నీ కొత్తవి వెయ్యి" అన్నాడు. కొత్తవి వచ్చాక ఒక్కో గీతా అతనికి చూపించి, అతను సరేనంటేనే అతికించాను. తెరమీద చారలు పోయి, చిన్న మెకింతాష్ బొమ్మ నవ్వింది. నన్ను చూసేనని మా ఆవిడ అభిప్రాయం.

బుద్ధొచ్చిందా అంటారా? మొన్న ఒకరింటికి భోజనానికి వెళ్లి, పప్పన్నం దగ్గర మొదలుపెట్టి పెరుగన్నం దాకా టాంటలం గీత ప్లస్సెందుకో వివరించాను, నేనే కనిపెట్టినట్టు. బావమరిది ఊసెత్తితే ఒట్టు.